మీ ఫోన్‌కి ఆ నంబరు ఎవరిచ్చారు?
ఇంటి వైఫైలో ఐపీ చిక్కులు: అపోహలు – వాస్తవాలు

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, యూట్యూబ్ మాత్రం కదలదు. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఐపీ అడ్రస్ దగ్గర రోజూ ఉండే నంబరు కాక ఇంకేదో కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంట్లో తలో మాట మొదలవుతుంది. వైరస్ అని ఒకరు, పక్కింటివాళ్లు వాడేస్తున్నారని ఒకరు, రౌటర్ పోయింది కొత్తది కొనమని ఇంకొకరు. చివరికి ఎవరో పిన్నీసు తెచ్చి రీసెట్ రంధ్రంలో గుచ్చుతారు. కాసేపట్లో తేలిపోయే చిక్కు ఆ గుచ్చుడుతో మర్నాటికి సాగుతుంది.

నిజానికి సగం సమాచారం ఆ నంబరులోనే ఉంది. ఫోన్‌కి గానీ, టీవీకి గానీ పుట్టుకతో వచ్చే ఐపీ అంటూ ఉండదు. వైఫైలో చేరగానే 'ఇక్కడ నంబర్లు ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా' అని అవి కేక వేస్తాయి. ఇంట్లో ఆ పని రౌటర్‌ది. అది ఒక ఖాళీ నంబరు చూపిస్తుంది, ఫోన్ అదే ఇవ్వమంటుంది, రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ; ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని నియమాలు 1997లో స్థిరపడ్డాయి. నంబరుతోపాటు గేట్‌వే వివరం, అంటే బయటికి ఏ పెట్టె గుండా వెళ్లాలన్నదీ, డీఎన్‌ఎస్ సర్వర్ వివరం కూడా అప్పుడే అందుతాయి. కాబట్టి నంబరు తేడాగా కనిపిస్తే మొదట అడగాల్సిన ప్రశ్న: దీన్ని ఎవరిచ్చారు?

అపోహ 1: ఐపీ 169.254తో మొదలైతే వైరస్ పట్టినట్టే, లేదా నెట్ కంపెనీ తప్పు నంబరు ఇచ్చినట్టే.

వాస్తవం: ఆ నంబరు ఎవరూ ఇవ్వలేదు. ఎంత పిలిచినా రౌటర్ నుంచి జవాబు రాకపోతే లాప్‌టాప్ తనే ఆ వరుసలోంచి ఒక నంబరు ఎంచుకుని పెట్టుకుంటుంది. విండోస్‌లో ఈ ఏర్పాటు విండోస్ 98 నాటి నుంచి ఉంది. 2005లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఈ నంబరుతో పక్కనున్న పరికరంతో మాట్లాడవచ్చేమో గానీ ఇంటర్నెట్‌కి వెళ్లలేం. ఆండ్రాయిడ్ ఫోన్లు సాధారణంగా ఇలా నంబరు పెట్టుకోవు. 'ఐపీ అడ్రస్ తెచ్చుకుంటున్నాం' అని కాసేపు చూపించి చేతులెత్తేస్తాయి. రెండూ చెప్పేది ఒకటే సంగతి: రౌటర్ పలకలేదు.

ఎందుకు పలకలేదో తేల్చడానికి ఇంట్లో మిగతా పరికరాలు చూడాలి. అన్నిటికీ అదే పరిస్థితి అయితే రౌటర్ బిగుసుకుపోయింది, లేదా అందులో డీహెచ్‌సీపీని ఎవరో ఆపేశారు. ఒక్క లాప్‌టాప్‌కే అయితే తప్పు దానిలో ఉంది: డ్రైవర్ కావచ్చు, యాంటీవైరస్ వాళ్ల ఫైర్‌వాల్ కావచ్చు, మూల గదిలో అందీ అందని సిగ్నల్ కావచ్చు. వైఫైని మరిచిపొమ్మని చెప్పి, అంటే 'ఫర్‌గెట్' నొక్కి, రౌటర్ దగ్గరికి వచ్చి మళ్లీ కలిపి చూడండి.

అపోహ 2: మా ఇంట్లోనూ 192.168.1.5, పక్కింట్లోనూ అదే. అందుకే నెట్ కొట్టుకుంటోంది.

వాస్తవం: ప్రపంచంలో కోట్ల ఇళ్లలో ఇదే నంబరు ఉంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఐపీవీ4 పద్ధతిలో మొత్తం నంబర్లే సుమారు 429 కోట్లు. అవి చాలవని ముందే గ్రహించి, 1996లో మూడు వరుసలను ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి విడిచిపెట్టారు: 10తో మొదలయ్యేవి అన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి అన్నీ. ఇవి ఇల్లు దాటి బయటికి వెళ్లవు. సమాచారం బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ వాటి స్థానంలో వేరే నంబరు పెడుతుంది. మీ 192.168 నంబరు ఎవరికో తెలిసిపోయిందని కంగారు పడక్కర్లేదు. గొడవ వచ్చేది ఒకే ఇంట్లో, ఒకే నెట్‌వర్క్‌లో రెండు పరికరాలకి ఒకే నంబరు ఉన్నప్పుడే.

అపోహ 3: మేడ మీద ఇంకో రౌటర్ పెట్టి కేబుల్ గుచ్చేస్తే చాలు, వైఫై రెట్టింపు అవుతుంది.

వాస్తవం: మన ఇళ్లలో ఐపీ చిక్కుల్లో పెద్ద వాటా ఇక్కడే పుడుతుంది. ఫైబర్ కనెక్షన్‌తో ఆపరేటర్ బిగించిన పెట్టె చాలాచోట్ల ఉత్త మోడెమ్ కాదు. అదే రౌటర్, అదే వైఫై, నంబర్లు ఇచ్చేదీ అదే. షాపులో కొని తెచ్చిన రెండో రౌటర్ కూడా పెట్టెలోంచి తీసేటప్పటికే నంబర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. వెనక ఏ రంధ్రంలో కేబుల్ పెట్టామన్న దాన్నిబట్టి రెండు రకాల తిప్పలు వస్తాయి.

కేబుల్‌ని లాన్ అని రాసి ఉన్న పోర్టులో పెడితే ఒకే నెట్‌వర్క్‌లో నంబర్లు ఇచ్చేవాళ్లు ఇద్దరవుతారు. ఫోన్ కేక వేసినప్పుడు ముందు ఎవరు పలికితే వాళ్ల నంబరే దక్కుతుంది. మొదటి పెట్టె ఇస్తే నెట్ వస్తుంది. రెండోది ఇస్తే 'బయటికి నా గుండా వెళ్లు' అంటుంది, దానికేమో బయటికి దారే లేదు. పొద్దున పనిచేసిన ఫోన్ సాయంత్రం పనిచేయకపోవడం, నాన్న ఫోన్‌కి వచ్చే నెట్ అమ్మ ఫోన్‌కి రాకపోవడం దీని లక్షణాలు.

కేబుల్‌ని వాన్ పోర్టులో, అంటే బయటి కనెక్షన్ కోసం ఉన్న దాంట్లో, పెడితే నెట్ మామూలుగానే వస్తుంది. కానీ ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. మేడ మీది లాప్‌టాప్‌కి కింది ప్రింటర్ కనబడదు, ఫోన్‌లో బొమ్మ హాల్లో టీవీకి ఎక్కదు. పైగా రెండు పెట్టెలూ 192.168.1 వరుసనే వాడుతుంటే రెండో రౌటర్‌కి లోపలేదో బయటేదో తేలదు. కొన్ని కొత్త మోడళ్లు ఇది పసిగట్టి తమ వరుసను తామే మార్చుకుంటాయి, అన్నీ కాదు.

మందు సులువే. రెండో రౌటర్ సెట్టింగుల్లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటే అది ఎంచుకోండి. అప్పుడది నంబర్లు ఇవ్వడం మానేసి వైఫై పంచడం ఒక్కటే చేస్తుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే ముందు దాని సొంత ఐపీని మొదటి పెట్టె వరుసలోకి, ఇంకెవరికీ ఇవ్వని నంబరుకి మార్చాలి. తర్వాత దాని డీహెచ్‌సీపీ ఆపి, లాన్ నుంచి లాన్‌కి కేబుల్ కలపాలి.

నంబరు ఏ పెట్టె ఇచ్చిందో దాని మొదటి మూడు భాగాలే పట్టిస్తాయి. చాలా టీపీ లింక్ రౌటర్లు 192.168.0 వరుసలో ఇస్తాయి, జియోఫైబర్ పెట్టె 192.168.29 వరుసలో ఇస్తుంది. 172.20.10 కనిపిస్తే మీరు ఇంటి వైఫైలో లేరు, ఎవరిదో ఐఫోన్ హాట్‌స్పాట్‌లో ఉన్నారు. 192.168.137 అయితే అది విండోస్ లాప్‌టాప్ హాట్‌స్పాట్.

అపోహ 4: ఐపీని చేత్తో ఫిక్స్ చేసి పెడితే నెట్ స్పీడు పెరుగుతుంది.

వాస్తవం: స్పీడుకీ దీనికీ సంబంధం లేదు, చిక్కులకి మాత్రం ఉంది. తిరుమలలో గదుల కౌంటర్ లాంటిది రౌటర్: ఏ గది ఎవరికి, ఎప్పటివరకు ఇచ్చిందో దాని పుస్తకంలో ఉంటుంది. మీరు సెట్టింగుల్లో నంబరు టైప్ చేసుకోవడమంటే కౌంటర్‌కి చెప్పకుండా గదిలో దిగడమే. అది ఖాళీ అనుకుని రౌటర్ ఇంకొకరికి ఇస్తే ఇద్దరికీ నెట్ తెగుతూ ఉంటుంది. ఆఫీసులో పనికోసం లాప్‌టాప్‌కి చేత్తో ఐపీ పెట్టి, దాన్ని అలాగే ఇంటికి తెచ్చినా ఇంతే. ఇంటి రౌటర్ వరుస వేరు, గేట్‌వే వేరు. సెట్టింగును మళ్లీ 'ఆటోమేటిక్'కి మారిస్తే సరిపోతుంది.

ప్రింటర్‌కో, సీసీ కెమెరాకో ఎప్పుడూ ఒకే నంబరు కావాలంటే రౌటర్‌లోనే 'అడ్రస్ రిజర్వేషన్' చేయించాలి. పరికరం మ్యాక్ అడ్రస్, అంటే దాని హార్డ్‌వేర్ గుర్తింపు నంబరు, చూసి రౌటర్ ప్రతిసారీ అదే నంబరు ఇస్తుంది. ఫోన్ల దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు గోప్యత కోసం వైఫైకి తమ అసలు మ్యాక్ చూపించకుండా ఒక మారు మ్యాక్ చూపిస్తున్నాయి. అసలు మ్యాక్ రాసిపెట్టుకున్న రౌటర్‌కి ఆ ఫోన్ కొత్త చుట్టంలా కనిపిస్తుంది. ఇంటి వైఫై ఒక్కదానికి ఆ గోప్యత సెట్టింగు తీసేస్తే రిజర్వేషన్ నిలబడుతుంది.

అపోహ 5: నిన్న 7 ఉన్న చివరి నంబరు ఇవాళ 12 అయింది. ఎవరో మన వైఫైలో దూరారు.

వాస్తవం: రౌటర్ ఇచ్చే నంబరు శాశ్వతం కాదు, దానికి గడువుంటుంది. గడువులో సగం గడిచేసరికి ఫోన్ పొడిగింపు అడుగుతుంది. గడువు తీరేదాకా ఫోన్ ఊళ్లో లేకపోతే నంబరు ఇంకొకరికి వెళ్లవచ్చు. మార్పు మామూలే. వైఫైలో ఎవరున్నారో చూడాలంటే రౌటర్ పేజీలో, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే దాని సెట్టింగుల పేజీలో, కలిసి ఉన్న పరికరాల జాబితా చూడాలి.

ఈ గడువే ఇంకో చిక్కు తెస్తుంది. ఇవ్వడానికి 100 నంబర్లే ఉన్న రౌటర్లు చాలా ఉన్నాయి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలంతా పాస్‌వర్డ్ అడిగి కలిపితే అవి నిండిపోతాయి. వాళ్లు వెళ్లిపోయినా గడువు తీరేదాకా ఆ నంబర్లు ఖాళీ కావు. ఆలోగా వచ్చిన వాళ్లకి నంబరు దొరకదు. రౌటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ వేయడం, లేదా గడువు తగ్గించడం దీనికి పరిష్కారం.

అపోహ 6: డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే ఏ ఐపీ సమస్యైనా పోతుంది.

వాస్తవం: 8.8.8.8 గూగుల్ నడిపే డీఎన్‌ఎస్, 1.1.1.1 క్లౌడ్‌ఫ్లేర్‌ది. వెబ్‌సైట్ పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టడం వాటి పని. మీకు నంబరు ఇవ్వడం వాటి చేతిలో లేదు. 169.254 చూపించే లాప్‌టాప్‌కి ఏ డీఎన్‌ఎస్ పెట్టినా ఒకటే. ఐపీ సరిగా ఉండి, 8.8.8.8కి పింగ్ (అంటే జవాబు వస్తుందో లేదో చూసే పలకరింపు) వెళ్తూ, వెబ్‌సైట్ పేర్లు మాత్రం తెరుచుకోకపోతే అప్పుడు డీఎన్‌ఎస్‌ని అనుమానించండి.

అపోహ 7: రీసెట్ నొక్కితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపి మళ్లీ వేయడం రీస్టార్ట్. దాంతో పోయేదేమీ లేదు. పిన్నుతో గుచ్చితే పెట్టె ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి వెళ్తుంది. ఆపరేటర్ ఎక్కించిన కనెక్షన్ వివరాలు (పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, విలాన్ నంబరు) తుడిచిపెట్టుకుపోవచ్చు. అవి మీ దగ్గర రాసి లేకపోతే ఆపరేటర్ మనిషి వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. రీస్టార్ట్‌కీ ఒక వరుస ఉంది: ముందు ఫైబర్ పెట్టె, దాని లైట్లు నిలకడగా వెలిగాక రెండో రౌటర్, ఆ తర్వాత ఫోన్లు, లాప్‌టాప్‌లు.

అపోహ 8: ఐపీ చూపించే వెబ్‌సైట్‌లో విజయవాడ బదులు చెన్నై అని వస్తోంది, నంబరు కూడా ఫోన్‌లో ఉన్నది కాదు. మనకి ఇంకొకరి ఐపీ ఇచ్చారు.

వాస్తవం: ఫోన్‌లో కనిపించేది ఇంటి లోపలి నంబరు, వెబ్‌సైట్‌కి కనిపించేది బయటి నంబరు. రెండూ వేరుగానే ఉండాలి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ దగ్గర 100.64 నుంచి 100.127 మధ్య నంబరు ఉంటే మధ్యలో ఇంకో అంచె ఉందని అర్థం. పంచడానికి మిగిలిన ఐపీవీ4 నంబర్ల చివరి వాటాలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. ఒక బయటి నంబరుని అనేక ఇళ్లకి ఉమ్మడిగా పంచడానికి వీలుగా 2012లో ఈ 100.64 వరుసను నెట్ కంపెనీల కోసం కేటాయించారు. మామూలు వాడకానికి దీంతో ఇబ్బంది లేదు. బయటి నుంచి నేరుగా ఇంటి సీసీ కెమెరా రికార్డర్‌కి కలుపుదామనుకున్నప్పుడే అడ్డు తగులుతుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి పిలుపుని లోపలి పరికరానికి మళ్లించే ఏర్పాటు, ఎన్నిసార్లు చేసినా పనికిరాదు. ఆపరేటర్‌ని పబ్లిక్ స్టాటిక్ ఐపీ అడగాలి.

ఇక ఊరి పేరంటారా, అది ప్రైవేటు కంపెనీలు తయారుచేసుకున్న పట్టికల్లోని అంచనా. అంచనా ఎంత గురి తప్పగలదో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో తేలింది. మాక్స్‌మైండ్ అనే కంపెనీ, అమెరికాదే గానీ ఏ ఊరిదో తెలియని ఐపీలన్నిటికీ దేశం నడుమ ఒక బిందువుని గుర్తుగా పెట్టింది. అది పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం ఇంటి మీద పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ ఇంటివేనని పట్టిక చెప్పింది. ఎక్కడో జరిగిన ఆన్‌లైన్ మోసాలకి ఏళ్ల తరబడి పోలీసులు ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో సంగతి బయటపడ్డాక కంపెనీ ఆ గుర్తుని ఒక సరస్సు మధ్యకి జరిపింది.

ఫోన్ చేసే ముందు

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఒకటి, పనిచేయని పరికరంలో ఐపీ, గేట్‌వే నంబర్లు; ఫోన్‌లో అయితే వైఫై వివరాల్లో, విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశంతో దొరుకుతాయి. రెండు, నెట్ ఒక్క పరికరానికి పోయిందా, అన్నిటికీ పోయిందా. మూడు, రౌటర్ పేజీలో వాన్ ఐపీ ఏముంది.

పరికరాలన్నిటికీ సరైన 192.168 నంబరే ఉండి, వాన్ దగ్గర 0.0.0.0 అని ఉంటే మీ వైఫై బాగానే ఉంది; ఆపరేటర్ వైపు నుంచి నంబరు రావడం లేదు. కట్టాల్సిన బిల్లు ఆగిందేమో, ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందేమో చూసి, 'వాన్ ఐపీ రావట్లేదు' అని ఆ మాటే చెప్పండి. రౌటర్ ఆపి మళ్లీ వేయమనే పాత పాఠం తప్పుతుంది, ఫిర్యాదు నేరుగా లైన్ చూసే మనిషికి చేరే అవకాశం పెరుగుతుంది.