తల్లిదండ్రుల ప్రార్థన, పిల్లల సర్టిఫికెట్: గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఏం చెప్పింది?

"మేము చర్చికి వెళ్తే పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?" గుంటూరు, ఒంగోలు వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు హక్కు సంగతి. బిడ్డను తమ నమ్మకంలో పెంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న స్కూల్లో మైనర్‌కి మతబోధన చేయాలంటే సంరక్షకుల అనుమతి ఉండాలని ఆర్టికల్ 28(3) చెబుతోంది. కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ పాడలేదు. స్కూల్ పంపించేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో. ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు.

మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదండి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్ట్ మిషన్ వాళ్లు వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. మతం మారింది కానీ పల్లెలో పేట మారలేదు.

ఇప్పుడు కేసులోకి వద్దాం. మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి మారిన దంపతుల కొడుకు ఒకతను, తల్లిదండ్రులు మారాక పుట్టానన్నాడు. 1973లో శుద్ధి చేయించుకుని హిందువయ్యాడు. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎస్సీ సీటుకి ఎంపికైతే, పుట్టుకతో హిందువు కాదని సీటు రద్దు చేశారు. హైకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. కాలేజీ అప్పీలుకి వెళ్తే 1976లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. జస్టిస్ భగవతి రాసిన తీర్పు సారం ఇది: పుట్టుకతో హిందువై ఉండాలన్న షరతు లేదు. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినా, హిందూమతంలోకి వచ్చాక కులస్తులు తమవాడిగా ఒప్పుకుంటే, తల్లిదండ్రుల పాత కులం అతనికి వస్తుంది.

అంటే కాగితం మీద మార్చుకుంటే చాలా? చాలదు. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు మూడు రుజువులు అడిగింది. పూర్వీకుల కులం ఎస్సీ జాబితాలో ఉండాలి, వాళ్ల మతానికే తిరిగి రావాలి, కులస్తులు అంగీకరించాలి. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో మన హైకోర్టు కూడా, గుంటూరు జిల్లా పాస్టర్ ఒకరి కేసులో, మతం మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది.

మరి క్రైస్తవులుగా ఉండిపోతే? ఎస్సీ నుంచి మారినవాళ్లకు, వాళ్ల సంతానానికి బీసీ-సి ఉంది. కానీ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని ఆర్థిక రాయితీలు ఇచ్చింది కానీ, ఎస్సీ హోదా ఇవ్వలేదు.

అందుకే ఆదివారం చర్చి, సోమవారం తహసీల్దార్ ఆఫీసు అన్నట్టు బతికే కుటుంబాలున్నాయి. వాళ్లను దొంగలనడానికి నాకు మనసొప్పదు. కానీ ప్రమాదం మాత్రం చెప్పాలి. తప్పుడు సర్టిఫికెట్ అని తేలితే 1993 చట్టం కింద కలెక్టర్ రద్దు చేయొచ్చు. అప్పుడు పోయేది పిల్లల సీటు, ఉద్యోగం.

నా మాట ఒక్కటే. నమ్మకం ఎంచుకున్నది తల్లిదండ్రులు, ఖర్చు కట్టేది బిడ్డ. మారినా వెలివాడ వదలనప్పుడు హోదా మాత్రం ఎందుకు పోవాలన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు వచ్చేదాకా, అప్లికేషన్ నింపే ముందు ఇంట్లో అందరూ కూర్చుని నిజంగా మాట్లాడుకోండి. పిల్లలకు వయసొచ్చాక నిర్ణయం వాళ్లకే వదిలేయండి. ఆ నిర్ణయం వాళ్లది కావచ్చని చెప్పింది మన గుంటూరు కేసే.