దొమ్మరోగానికి ‘బొగ్గు’ పేరు ఎందుకొచ్చింది?

“రాత్రి బాగానే మేసింది. తెల్లారి చూస్తే కొట్టంలో చచ్చి పడుంది.” తొలకరి వానల తర్వాత పల్లెల్లో ఈ మాట వినిపిస్తుంటుంది. పాము కరిచిందేమో అనుకుంటాం. పశువుల డాక్టరు చూసి “ఆంత్రాక్స్ కావచ్చు, ముట్టుకోకండి” అంటాడు. మన పెద్దలు దొమ్మరోగం అనేది దీన్నే.

ఆంత్రం అంటే పేగు కాబట్టి ఇదేదో పేగుల జబ్బనుకునేరు. కాదు. ఇది గ్రీకు మాట. ఆ భాషలో ఆంత్రాక్స్ అంటే బొగ్గు. ఈ జబ్బు మనిషి చర్మానికి సోకితే మొదట పురుగు కుట్టినట్టు చిన్న పొక్కు లేస్తుంది. అది పుండై, మధ్యలో బొగ్గులాంటి నల్లటి పెచ్చు కడుతుంది. చుట్టూ వాపు ఉంటుంది గానీ పుండు పెద్దగా నొప్పి పెట్టదు. అందుకే అశ్రద్ధ చేస్తారు. విశాఖ ఏజెన్సీలో చచ్చిన పశువును కోసి తిన్నవారికి ఇలాంటి పుండ్లు వచ్చిన సందర్భాలున్నాయి.

పశువులోనూ నలుపే గుర్తు. చచ్చాక ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంది. అది గడ్డ కట్టదు. కళేబరం త్వరగా ఉబ్బుతుంది. ఈ గుర్తులన్నీ ప్రతిసారీ కనిపించకపోవచ్చు.

కోస్తే విత్తినట్టే

‘ఎద్దు ఎలాగూ పోయింది, తోలు అమ్మితే నాలుగు డబ్బులైనా వస్తాయి’ అనిపించడం సహజం. అక్కడే అసలు ముప్పు. ఈ క్రిమి గాలి తగిలితే గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా మారుతుంది. ఈ సంగతిని 1876లో జర్మనీ డాక్టరు రాబర్ట్ కోచ్ లోకానికి చూపించాడు. కోయని కళేబరంలో క్రిమి కుళ్లుతోపాటే చాలావరకు చస్తుంది. కోస్తే రక్తంతోపాటు నేలలో పడి ఏళ్ల తరబడి బతుకుతుంది. స్కాట్లండ్‌లోని గ్రూనార్డ్ దీవిలో బ్రిటన్ 1942లో ఈ క్రిమితో ఆయుధ పరీక్షలు చేసింది. నేలను మందుతో శుద్ధి చేశాక, 1990లో గానీ ఆ దీవి సురక్షితమని ప్రకటించలేదు. మన బీడులో పడితే వచ్చే ఏడు మేసే పశువుకే ప్రమాదం.

ఏం చేయాలి?

* కళేబరాన్ని కోయకండి, తోలు తీయకండి. మాంసం ఎంత ఉడికించినా నమ్మరాదు.
* వెంటనే పశువుల ఆస్పత్రికి కబురు పెట్టండి. కుక్కలను దగ్గరకు రానీయకండి.
* డాక్టరు చెప్పినట్టు, బావులకూ చెరువులకూ దూరంగా, ఆరడుగులకు తక్కువ లేని గోతిలో సున్నం చల్లి పూడ్చండి. రక్తం పడిన మట్టి, మేత కూడా అందులోనే వేయాలి. పైన ముళ్లకంప కప్పండి.
* జబ్బు వచ్చిన ఊళ్లలో ఏటా వానలకు ముందే టీకా వేయించాలి.
* కళేబరాన్ని తాకినవారికి పొక్కు లేచినా, జ్వరం వచ్చినా ఆస్పత్రికి వెళ్లి, పశువు చచ్చిన సంగతి డాక్టరుకు చెప్పాలి. తొందరగా వెళితే మందులతో నయమవుతుంది.

నల్లపెచ్చు కట్టేదాకా ఆగకండి.