దారంతా మింగిన డబ్బా

2004లో ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ టామ్‌టామ్ ‘గో’ అనే చిన్న పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. తెర, స్పీకరు, జీపీఎస్ రిసీవరు, వీధుల మ్యాపు నింపిన మెమరీ కార్డు, అన్నీ ఒకే డబ్బాలో. రబ్బరు కప్పుతో కారు అద్దానికి అతికించి చిరునామా కొడితే చాలు, ఎక్కడ ఎటు తిరగాలో నోటితో చెప్పేది. దానికి ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. ఆ పరికరానికి వచ్చిన మంచి పేరుకూ చెడ్డ పేరుకూ మూలం అదే.

అంతకుముందు కూడా కార్లకు దారి చూపే యంత్రాలున్నాయి. 1985లో కాలిఫోర్నియాలో ఎటాక్ కంపెనీ తెచ్చిన నావిగేటరుకు ఉపగ్రహాలతో పనే లేదు. దిక్సూచితో, చక్రాలకు బిగించిన సెన్సర్లతో కారు ఎటు ఎంత దూరం పోయిందో లెక్కగట్టి, క్యాసెట్ టేపులోని మ్యాపుతో సరిచూసుకునేది. లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరానికి ఒక్క క్యాసెట్ చాలేది కాదు. తెలివైన యంత్రమే, కానీ ఒక కారుకు బిగిస్తే ఇక దానికే అంకితం.

ఇక ఉపగ్రహాల సంగతికొస్తే, అమెరికా సైన్యం 1978 నుంచి వాటిని పంపుతూ 1995కల్లా జీపీఎస్‌ను పూర్తిస్థాయిలో నిలబెట్టింది. పౌరులకిచ్చే సిగ్నల్‌ను మాత్రం కావాలనే చెడగొట్టి వదిలేది. దాంతో నూరు మీటర్ల దాకా తేడా వచ్చేది. ఊళ్లో నూరు మీటర్లంటే పక్క వీధే! 2000 మే నెలలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆగింది. నన్నడిగితే ఈ డబ్బా అసలు పుట్టినరోజు అదే.

ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ స్థానాన్నీ సమయాన్నీ ప్రసారం చేస్తుంటాయి. సిగ్నల్ చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి డబ్బా దూరం లెక్కిస్తుంది. చోటు తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలు. నాలుగోది డబ్బాలోని చవక గడియారం తప్పును సరిదిద్దడానికి. పొద్దున్నే ఆన్ చేస్తే ఎంతకీ దారి చూపదని జనం విసుక్కునేవారు. కారణముంది: ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున, నింపాదిగా పంపుతుంది. అవసరమైన భాగం అందడానికే అర నిమిషం కావాలి. మధ్యలో చెట్టో మేడో అడ్డొస్తే ఆ భాగం మళ్లీ వచ్చేదాకా ఆగాలి. స్మార్ట్‌ఫోను ఆ వివరాలను నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టే దానికంత వేగం.

నెట్‌వర్క్ లేని అడవి దారిలో లెక్క తిరగబడుతుంది. టవరు అందకపోయినా డబ్బా పని చేస్తుంది. పరాయి దేశంలో డేటా ఖర్చుండదు, ఫోను బ్యాటరీ తినదు, మలుపు దగ్గర ఎవరి కాలో వచ్చి మ్యాపును కప్పేయదు.

కానీ లోపలున్న మ్యాపు నింపిన రోజు దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర కూడా హైదరాబాద్‌కు చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ ‘శాట్‌గైడ్’ పేరుతో ఇలాంటి నావిగేషన్ తెచ్చింది. ఆ నగరం చుట్టూ అవుటర్ రింగ్ రోడ్డు 2008 నుంచి దశలవారీగా తెరుచుకుంటూ వచ్చింది. పాత మ్యాపున్న ఏ డబ్బా అయినా ఆ రోడ్డు మీది కారును పొలాల్లో చూపించక తప్పదు. పైగా వీధి పేరూ ఇంటి నంబరూ అడిగే యంత్రానికి ‘గుడి వెనక సందు’ అంటే ఏం అర్థమవుతుంది? మ్యాపు కొత్తది వేయించుకోవాలంటే చాలాసార్లు మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చేది. దొంగల బెడద వేరే. డబ్బా తీసి దాచినా అద్దం మీద మిగిలిన గుండ్రటి మచ్చ చూసి కారు పగలగొడతారని, దాన్ని తుడిచేయమని బ్రిటన్ పోలీసులు చెప్పేవారు.

2009 అక్టోబరులో గూగుల్ ఫోన్లోనే ఉచితంగా దారి చెబుతానంది. ఈ డబ్బాలు అమ్మే టామ్‌టామ్, గార్మిన్ కంపెనీల షేర్లు దబ్బున పడ్డాయి. ఎప్పటికప్పుడు మారే మ్యాపు, ఎదురుగా ఉన్న ట్రాఫిక్ సంగతి ఊరికే వస్తుంటే డబ్బా కొనేదెవరు? మరో చిక్కు పదేళ్లకు బయటపడింది. జీపీఎస్ వారాల సంఖ్యను పది బిట్లలో పంపుతుంది కాబట్టి 1024 వారాలకోసారి లెక్క సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా వచ్చినప్పుడు, సాఫ్ట్‌వేర్ సరిచేయని కొన్ని పాత పరికరాలు తేదీ తెలియక తికమకపడ్డాయి.

అయినా డబ్బా పూర్తిగా పోలేదు. లారీల కోసం ప్రత్యేకంగా చేసినవి యూరప్, అమెరికాల్లో ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. బండి ఎత్తు, బరువు ముందే చెబితే తక్కువ ఎత్తు వంతెనలనూ బరువు మోయలేని రోడ్లనూ తప్పించి దారి వేస్తాయి. కార్ల కోసం చేసిన ఉచిత మ్యాపును నమ్ముకుని వచ్చిన పెద్ద లారీ వంతెన కింద ఇరుక్కుంటే, డబ్బా ఖరీదు ఎక్కువని ఆ డ్రైవరు అనడు.