గుర్రానికి గుగ్గిళ్లు

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మా నాయనమ్మ అంటూ ఉండేది. ఆ సామెతను నమ్ముకుని నేను చేసిన నిర్వాకం చెబుతాను, వినండి.

మా మనవరాలు మొయినాబాదు దగ్గర ఒక తోటలో ఆదివారాలు గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. తీసుకువెళ్లే పని నాది. అక్కడి ముసలి ఎర్రగుర్రం మీద నాకు మమకారం పుట్టింది. ఎప్పుడు చూసినా దాని ముందు ఎండుగడ్డే! ఇంత ఫీజు పుచ్చుకుంటూ నోరులేని జీవానికి గడ్డిపరకలేనా అని లోలోపల మండిపడ్డాను.

ఒక శనివారం రాత్రి మా ఆవిడ చేత రెండు కిలోల ఉలవలు ఉడికించాను. చారు మాకు, గుగ్గిళ్లు దానికి. మర్నాడు సాయీసు నీళ్లకు వెళ్లిన సమయం చూసి డబ్బా మొత్తం తొట్టిలో కుమ్మరించాను. గుర్రం ఆవురావురుమంటూ తినేసింది. నాకు కడుపు నిండింది.

మధ్యాహ్నానికి అది కాలితో నేల గీరడం మొదలుపెట్టింది. మాటిమాటికి మెడ తిప్పి పొట్టకేసి చూసుకుంటోంది. ఒళ్లంతా చెమట. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పొర్లుతుంది.

“ఎవరన్న ఏమన్న పెట్టిన్రా సారూ?” అన్నాడు సాయీసు.

నోరు పెగల్లేదు. ఖాళీ డబ్బా నా సంచిలోనే ఉంది. పిల్ల నావంక చూసింది. అప్పుడు చెప్పాను.

పశువుల డాక్టరుగారు వచ్చి, సూదిమందు ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదట! కడుపు ముఖద్వారం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. నాలుగైదు వందల కిలోల జంతువుకు జీర్ణకోశం మాత్రం పదిపన్నెండు లీటర్లే పడుతుంది, అంటే ఒక బకెట్టు. గడ్డి అరిగేది వెనక ఉన్న పెద్దపేగులో. అక్కడి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. గింజలు ఒక్కసారిగా అక్కడికి చేరితే అవి పులిసి, గ్యాసు పట్టి, శూల వస్తుంది. ఒక్కొక్కసారి గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం జన్మంతా కుంటిదవుతుంది. ప్రాణమే పోవచ్చు కూడా.

నేను చిన్నచూపు చూసిన ఎండుగడ్డే దాని అసలు భోజనం. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల మేత కావాలి, అదీ కొంచెం కొంచెంగా, రోజంతా. దాని కడుపులో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. నమిలినప్పుడే లాలాజలం వచ్చి దాన్ని చల్లబరుస్తుంది. గంటల తరబడి పస్తుంటే పుండ్లు పడతాయి. ఇక నీళ్లు ఇరవై నుంచి నలభై లీటర్లు, నాకడానికి ఉప్పుగడ్డ. దాణా కష్టపడే గుర్రానికే, అదీ పూటకింత అని కొలిచి. కొత్త మేత ఏదైనా వారం పదిరోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి. చవకని తవుడు అదేపనిగా పెడితే సున్నం చాలక ఎముకలు గుల్లబారతాయి.

ఉలవలు విషం కావు సుమండీ! పాతకాలం నుంచీ గుర్రాలకు పెట్టినవే. ఇంగ్లీషువాడు వాటికి పెట్టిన పేరులోనే గుర్రం ఉంది. నేను పెట్టిన తీరే తప్పు.

సాయీసు కళ్లెం పట్టుకుని నడిపిస్తూనే ఉన్నాడు. పిల్ల నాతో మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు గుర్రం లద్దె వేసింది. లద్దె చూసి చప్పట్లు కొట్టిన మనుషులం లోకంలో మేమే అయి ఉంటాం.

ఇప్పుడు చేవెళ్ల సంతలో కొన్న క్యారట్లు రెండే తీసుకువెళుతున్నాను. గుండ్రంగా తరిగితే గొంతుకు అడ్డం పడతాయని నిలువుగా చీల్చి. అయినా సాయీసు నా సంచి విప్పి చూసిగాని లోపలికి పోనివ్వడు.