పది వారాల ఏటికి ఏడాది లెక్క

అంటార్కిటికాలో అన్నిటికంటే పొడవైన నది ఒనిక్స్. ఆ పొడవు సుమారు 32 కిలోమీటర్లే. తీరానికి దగ్గర్లో హిమానీనదం కరిగిన నీటితో పుట్టి, సముద్రం వైపు కాకుండా లోతట్టుకు పారి వాండా సరస్సులో కలుస్తుంది. ఏటా ఆరు నుంచి పది వారాలు నీళ్లుంటాయి, మిగతా కాలమంతా రాళ్లూ ఇసుకే. 1969 నుంచి ఈ ప్రవాహాన్ని కొలుస్తున్నారు. ఆ ఖండంలో ఇంత పాత నది లెక్క మరొకటి లేదు.

ఒనిక్స్‌లో గానీ, చుట్టుపక్కల మెక్‌మర్డో పొడి లోయల్లోని ఏరుల్లో గానీ చేపలు లేవు. ఒడ్డున గడ్డిపోచ కూడా మొలవదు. అయినా ఏటి అడుగు చాలాచోట్ల ఖాళీగా ఉండదు. రాళ్ల మీద నారింజ, నలుపు, ఆకుపచ్చ రంగుల్లో పాచి పొరలు పరుచుకుని ఉంటాయి. ఏడాదిలో ఐదో వంతు కాలం కూడా పారని ఏటికి ఇంత జీవం ఎక్కడిది? కొన్ని అంకెలు పట్టుకుని వెళితే జవాబు దొరుకుతుంది.

70 రోజులు

పొడి లోయలు 77-78 డిగ్రీల దక్షిణ అక్షాంశాల దగ్గర ఉన్నాయి. అక్కడ అక్టోబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. అంటే సుమారు 120 రోజుల పగలు. అందులో ఏరు పారేది పది వారాలంటే 70 రోజులు, ఆరు వారాలంటే 42. నవంబరులో ఎండ దండిగా ఉంటుంది, ఏటిలో చుక్క నీరు ఉండదు. ఆ వెలుతురు వృథాయే.

లోయల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత మైనస్ 15 నుంచి మైనస్ 30 డిగ్రీల మధ్య ఉంటుంది. వాన పడదు. కురిసే మంచును నీటిగా లెక్కగట్టినా ఏడాదికి 100 మిల్లీమీటర్లు దాటదు. అందులోనూ చాలాభాగం కరగకుండానే గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఏరులకు దిక్కు హిమానీనదాల అంచులే. సూర్యుడు ఆ మంచు గోడకు ఎదురుగా వచ్చిన వేళ ఏరు పొంగుతుంది, పక్కకు తిరిగాక సన్నబడుతుంది. ఒక్కరోజులోనే ప్రవాహం 5 నుంచి 10 రెట్లు మారడం ఇక్కడ మామూలే. పలచని నీరు నల్లటి రాళ్ల మీదుగా పారుతుంది గనుక, ఎండ కాసే వేళ 15 డిగ్రీల దాకా వేడెక్కగలదు.

20 నిమిషాలు

నీళ్లు ఆగిపోయాక పాచి పొర గడ్డకట్టి, ఎండి, మాడిన అప్పడంలా పెళుసుబారుతుంది. నెలల తరబడి చీకట్లో, చలిగాలిలో అలాగే పడి ఉంటుంది. కానీ చావదు. మళ్లీ తడి తగిలిన పది, ఇరవై నిమిషాల్లోనే కిరణజన్య సంయోగక్రియ మొదలవుతుందని 1980ల్లోనే పరిశీలనల్లో తేలింది.

ఈ పొరల్లో ప్రధానంగా ఉండేది సయనోబ్యాక్టీరియా. ప్రవాహం మధ్యలో నారింజ పొరలు, తడి అంచుల్లో నోస్టాక్ అనే నల్ల పొరలు. నోస్టాక్ గాలిలోని నత్రజనిని నేరుగా పట్టుకోగలదు. దాంట్లో కొంత ఏటి దిగువన ఉన్న పొరలకు చేరుతుంది. వీటిని మేసేవాళ్లు దాదాపు లేరు. టార్డిగ్రేడ్లు, రోటిఫర్లు, నెమటోడ్లు లాంటి సూక్ష్మజీవులు తినేది స్వల్పం. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒక్కో వేసవిలో పెరిగేది కొంచెమే అయినా, పెరిగినదాంట్లో చాలాభాగం మరుసటి వేసవికి మిగులుతుంది. కంటికి కనిపించే పాచి ఈ ఏడాది పంట కాదు, ఏళ్ల తరబడి కూడిన నిల్వ.

20 ఏళ్లు

ఆ నిల్వ ఎన్నాళ్లు ఆగుతుంది? ఇది తేల్చడానికి శాస్త్రవేత్త డయాన్ మెక్‌నైట్ బృందం 1994లో, ఈ పొడి లోయల్లోనే ఒకటైన టేలర్ లోయలో ఒక ప్రయోగం చేసింది. సుమారు రెండు దశాబ్దాలుగా చెప్పుకోదగ్గ నీరు చూడని పాత కాలువలోకి ఏటి నీటిని మళ్లించారు. వారం తిరక్కుండానే అందులో పాచి పొరలు విస్తారంగా కనిపించాయి. కొత్తగా ఎక్కడినుంచో వచ్చి చేరినవి కావవి. ఆ కాలువలోనే ఎండి నిద్రపోయినవి లేచాయి. కొలిచి చూస్తే కిరణజన్య సంయోగక్రియలోనూ, నత్రజని స్థిరీకరణలోనూ ఏటా తడిసే ఏరుల పొరలకన్నా ముందున్నాయి.

10 మైక్రోగ్రాములు

ఉత్తర ధ్రువం వైపు లెక్క వేరు. అలాస్కాలో, 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక, టూలిక్ పరిశోధనా కేంద్రం దగ్గర కుపారుక్ నది ఉంది. అక్కడ నీరు వేసవంతా పారుతుంది, కీటకాలున్నాయి, గ్రేలింగ్ చేపలున్నాయి. కొరత ఫాస్ఫరస్‌ది. 1983లో శాస్త్రవేత్తలు వేసవి పొడుగునా నదిలోకి ఫాస్ఫరస్ వదలడం మొదలుపెట్టారు. మోతాదు లీటరుకు సుమారు 10 మైక్రోగ్రాములు, అంటే లక్ష లీటర్లకు ఒక గ్రాము.

ఆ కాస్తకే నది తీరు మారింది. అంతవరకు చుట్టుపక్కల టండ్రా నేల నుంచి కొట్టుకొచ్చే చెత్తాచెదారం మీద బతికిన నది, తన తిండి తానే పండించుకోసాగింది. రాళ్ల మీద డయాటములు అనే సూక్ష్మ శైవలాలు దట్టమయ్యాయి. చేపలు త్వరగా పెరిగాయి. సుమారు ఎనిమిదేళ్ల తర్వాత మరో మలుపు వచ్చింది: మాస్ మొక్కలు అల్లుకుని డయాటముల చోటు ఆక్రమించాయి. మొదటి నాలుగైదేళ్లకే ప్రయోగం ఆపి ఉంటే ఈ మార్పు ఎవరి కంటా పడేది కాదు.

2001-02

దక్షిణాన 1986 నుంచి 2000 దాకా పొడి లోయల గాలి దశాబ్దానికి 0.7 డిగ్రీల చొప్పున చల్లబడింది. ఏరులు తగ్గాయి, సరస్సుల మట్టాలు పడిపోయాయి, 1990ల్లో సరస్సుల ఉత్పాదకత ఏటా 6 నుంచి 9 శాతం తరిగింది. తర్వాత 2001-02 వేసవి ఉన్నట్టుండి వేడెక్కింది. ఏరులు వరదలయ్యాయి. దశాబ్దానికి పైగా సరస్సులు పోగొట్టుకున్న నీరు ఆ ఒక్క వేసవిలో తిరిగొచ్చింది.

నీళ్లు పెరిగితే పంట పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ ఉధృతంగా పారే నీరు అడుగున ఉన్న పొరలను చీల్చి పట్టుకుపోతుంది. చదునైన రాళ్లు గట్టిగా పేర్చినట్టు కుదురుకున్న చోట పాచి తట్టుకుంటుంది. ఇసుక కదిలే చోట కొట్టుకుపోతుంది. ఏళ్ల నిల్వను ఒక్క వేసవి ఊడ్చేయగలదు.

ఇకపై రెండు ధ్రువాలూ వేడెక్కే కొద్దీ ఇవే అంకెలు మారతాయి. దక్షిణాన పారే వారాలు, వరద ఉధృతి మారతాయి. ఉత్తరాన శాశ్వత ఘనీభవన నేల కరిగి ఒడ్లు కుంగిన చోట మట్టి, పోషకాలు ఏటిలోకి దిగుతాయి. ధ్రువపు ఏరులు పచ్చబడుతున్నాయన్న వార్త వస్తే ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. ఎన్ని వారాలు పారింది, ఎంత ఫాస్ఫరస్ అందింది, పోయినేటి నిల్వ ఎంత మిగిలింది అన్న మూడు లెక్కలూ కలిపి చదవాలి.