కోయంబత్తూరు, మధుర సీమలలో ప్లేగు వ్యాపించిన విధము

నాయకరాజుల కాలము నుండి కోయంబత్తూరు, మధుర సీమలలో వేరూనిన తెలుగు కుటుంబములు నల్లరేగడి నేలలను దున్ని పత్తి పండించినవి. మగ్గములపై వస్త్రములు నేసినవి. నిండిన గాదె వారికి సంపద. కాని ఆ గాదెను ఆశ్రయించిన ఎలుకల మూలముననే ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ప్లేగు కోయంబత్తూరును పలుమారు పీడించినది. ప్లేగు మారియమ్మ పేర అచట వెలసిన గుడులు నాటి భయమునకు నేటికిని సాక్ష్యములు.

ఈ వ్యాధిని కలిగించు క్రిమిని 1894లో హాంగ్‌కాంగునందు యెర్సిన్ కనుగొనెను. 1896లో వ్యాధి బొంబాయిని చేరెను. అది ఎలుక నుండి మనుష్యునకు సంక్రమించు మార్గమును 1898లో కరాచీయందు సీమో నిరూపించెను. ఎలుక రక్తము పీల్చి బ్రదుకు, రెక్కలు లేని చిన్న పురుగు ఫ్లీ. క్రిములు దాని కడుపులో పెరిగి గొంతును మూసివేయును. ఎంత పీల్చినను ఆకలి తీరక అది పదేపదే కుట్టును. మింగలేని రక్తముతోపాటు క్రిములను గాయములోనికి వెడలగ్రక్కును. ఎలుక చచ్చి చల్లబడగానే ఫ్లీ వేరొక ఆశ్రయమును వెదకును. అది మనుష్యుని కుట్టినచో గజ్జలలో, చంకలలో బిళ్ళలు కట్టి తీవ్రజ్వరము వచ్చును. క్రిములు ఊపిరితిత్తులను చేరినచో రోగి దగ్గుతుంపరల ద్వారా నేరుగ ఇతరులకు సోకును.

ఎలుకలు రాలగానే ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొను ఆచారము మన పెద్దలకుండెను. క్రిమి మాట ఎరుగకున్నను అది సరియైన జాగ్రత్తయే. అయితే వెంట తీసికొనిపోయిన బొంతలలో, ధాన్యపు బస్తాలలో ఫ్లీలు దాగియున్నచో వ్యాధియు వారితో ప్రయాణము చేసెడిది.

నాటి మధుర జిల్లాలోని కంబం లోయలో ప్లేగుపై జరిగిన పరిశోధన 1934లో వెలువడినది. మిక్కిలి వేడిలో ఫ్లీ గొంతు అంతగా మూసుకొనదు. కావుననే చల్లని తావులు ఈ వ్యాధికి అనుకూలములు.

నేడు ప్లేగునకు మందులు కలవు. సకాలమున వాడినచో ప్రాణము దక్కును. 2021లో కోయంబత్తూరు చెంత కరోనా దేవిని ప్రతిష్ఠించిరి. భయము పాతదే, దారి వేరు: ప్లేగు ముఖ్యముగా ఫ్లీ కాటున, కరోనా ఊపిరిన వచ్చును. వ్యాధి వచ్చు దారి నెరిగి దానిని మూయుటయే నిజమైన రక్ష.