పనిచేయుచు నేర్చు విద్య

చదువు ముగిసిన పిదపనే పని మొదలగునని మనలో పెక్కుమంది తలంతురు. పనియే చదువైన చోటొకటి మనకు సమీపముననే కలదు. అది జనగామ చెంత, హైదరాబాదు–వరంగల్లు మార్గమున నున్న పెంబర్తి గ్రామము. అచటి విశ్వకర్మలు ఇత్తడి, రాగి రేకులపై బొమ్మలు తేల్చి, దేవాలయ ద్వారములకును వాహనములకును తొడుగులు చేయుదురు. ఈ పనితనము కాకతీయుల కాలము నాటిదని చెప్పుదురు. 2010వ సంవత్సరమున దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ విద్య తరతరములుగా పెద్దల చేతినుండి పిన్నల చేతికి వచ్చినది. రేకు వెనుక లక్క నింపి, ఉలితోను సుత్తితోను మెల్లగా కొట్టి రూపము తేవలెను. దెబ్బ తినిన కొలదియు ఇత్తడి బిరుసెక్కును. బిరుసెక్కిన దానిని ఇంకను కొట్టినచో చిట్లును. అప్పుడు లక్కను తీసి, రేకును కాచి చల్లార్చినచో మరల మెత్తబడును. కత్తులు చేయు ఉక్కు కాల్చి నీట ముంచినచో గట్టిపడును; ఇత్తడి అట్లు గట్టిపడదు. ఈ భేదమును పుస్తకము చెప్పగలదు. కాని సుత్తి నెప్పుడు ఆపవలెనో చెవికిని చేతికిని తెలియవలెను. అందులకే గురువు ప్రక్కన కూర్చుండి పని నేర్వవలెను.

అయినను చేయి యొక్కటియే చాలదు, లెక్కయు కావలెను. ఏడంగుళముల వ్యాసము గల డబ్బాకు ఎంత రేకు కత్తిరింపవలెను? సుమారు 22 అంగుళములు. అంచులు ఒకదానిపై నొకటి వచ్చుటకు మరికొంత విడువవలెను. పలక మందమైనచో ఆ మందమును కూడ లెక్కింపవలెను. తరగతిలో విసుగు పుట్టించిన క్షేత్రగణితమే ఇచట కూలి డబ్బును కాపాడును. తప్పు కత్తిరించిన రేకు మరల అతుకదు.

భూపాలపల్లి ప్రాంతమున సింగరేణి బొగ్గు గనులును, చెల్పూరునొద్ద కాకతీయ తాప విద్యుత్కేంద్రమును కలవు. అట్టి చోట్ల ఫిట్టరు, వెల్డరు పనులు నిత్యావసరములు. మహబూబాబాదు వంటి వ్యవసాయ ప్రాంతములలో ట్రాక్టరు ట్రాలీలకును, ఇనుప తలుపులకును పనివారు కావలెను. ఈ పనులలో జాగ్రత్తయు పాఠములోని భాగమే. వెల్డింగు వెలుగును నల్లని అద్దము లేక చూచినచో అప్పటికేమియు తోచదు. రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు మండును.

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పని నేర్పుదుమని పిలిచి, బాలునిచే ఊడ్పించుచు, బరువులు మోయించుచు ఏండ్లు గడపుట కూడ లోకమున కలదు. దీనికి విరుగుడుగా 1961వ సంవత్సరపు అప్రెంటీసుల చట్టము కలదు. దాని ప్రకారము అప్రెంటీసు శిక్షణ పొందువాడే కాని కార్మికుడు కాడు. వ్రాతమూలకమైన ఒడంబడిక ఉండవలెను; బాలుడు మైనరైనచో సంరక్షకుడు దానిని చేయవలెను. పదునాలుగేండ్లు నిండనివాడు చేరరాదు. అపాయకరమైన పరిశ్రమలకు పదునెనిమిదేండ్లు నిండవలెను. యజమాని భృతి నీయవలెను గాని, చేసిన వస్తువుల లెక్కను బట్టి కూలి కట్టరాదు. ఇది చాల తెలివైన నియమము. ఏలయనగా, లెక్కకు పనిచేయువాడు వేగమును నేర్చును. నిదానముగా చేసి, చెడగొట్టి, సరిదిద్దుకొనువాడు పనిని నేర్చును.

కావున విద్యార్థులారా! చేరుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. నాకు నేర్పువారెవరు? ఏ యేట ఏ పని నేర్పుదురు? కడపట పరీక్షయు యోగ్యతాపత్రమును కలవా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో, మసి యంటిన చేతులకు సిగ్గుపడవలదు. సమాధానము దొరకనిచో, ఆ చోట దొరకునది కూలియే కాని విద్య కాదని తెలిసికొనుడు.